పాలిచ్చే జాతి

కూతురికి మెడ నిలవకముందే నేను మళ్లీ బడికి వెళ్లాను. తొంభైల చివర అది. మేడ్చల్ రైల్వేస్టేషన్ దారిలో ఒక ప్రైవేటు బడిలో జీవశాస్త్రం చెప్పేదాన్ని. సెలవు పొడిగిస్తే ఇంకొకరిని పెట్టుకుంటామని ముందే అన్నారు. మా ఇల్లు బస్ డిపో వెనక. మధ్యాహ్నం గంట వేళకు అత్తమ్మ పిల్లను కొంగులో చుట్టుకొని ఎండలో నడిచి వచ్చేది. టీచర్ల గదిలో కుర్చీని గోడవైపు తిప్పుకొని పాలిచ్చేదాన్ని.

కొన్నాళ్లకు బడి యజమాని పిలిపించాడు. ఊరి చుట్టూ ఉన్న తన పొలాలను ప్లాట్లు చేస్తూ, మధ్యలో బడి కూడా పెట్టిన మనిషి. మెత్తగానే చెప్పాడు.

"మేడం, గిది బడి. మగ సార్లు వస్తుంటరు, పోతుంటరు. మంచిగుండది. డబ్బా పాలు తాపరాదు?"

"నా తాన పాలున్నయి సార్. డబ్బా ఎందుకు?" అన్నాను.

ఆయన ముఖం ముడుచుకుంది. నేను మానలేదు.

ఆ వారమే ఎనిమిదో తరగతికి క్షీరదాల పాఠం వచ్చింది. మా బడిలో ఆ పాఠాన్ని ఎప్పుడూ పరుగెత్తించేవారు. పిల్లలు నవ్వుతారని 'క్షీరగ్రంథులు' అన్న మాటను చదవకుండానే దాటేసేవారు. నేను బోర్డు మీద ముందు ఆ మాటే రాశాను. వెనక బెంచీల్లో ఇకిలింపులు మొదలయ్యాయి. అవి ఆగేదాకా చాక్‌పీసు పట్టుకొని నిలబడ్డాను.

క్షీరమంటే పాలు, పాలిచ్చి పిల్లల్ని పెంచేవన్నీ క్షీరదాలు అని చెప్పాను. ఒంటిమీద వెంట్రుకలు, వెచ్చని నెత్తురు వాటి గుర్తులు. గబ్బిలం ఎగిరినా పక్షి కాదు, తిమింగలం ఈదినా చేప కాదు. ప్లాటిపస్ గుడ్లు పెడుతుంది, అయినా పాలిస్తుంది కాబట్టి ఈ గుంపులోదే. కంగారూ పిల్ల తల్లి సంచిలో పెరుగుతుంది. బర్రె దూడా, మన పిల్లలూ కడుపులోనే, బొడ్డుతాడు ద్వారా మాయ అందించే ఆహారంతో పెరుగుతారు.

ముందు బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. "టీచర్, మరి మనం గూడ జంతువులమేనా?"

"మనం గూడ" అన్నాను.

మర్నాడు ఆ అమ్మాయి నాయిన వచ్చాడు. ఊళ్లో పెద్ద రైతు. యజమాని నన్ను తన గదికి పిలిపించాడు.

"ఏంది టీచరమ్మా, నా బిడ్డను కుక్కలతోని, గబ్బిలాలతోని కలిపినవట?"

"నన్ను గూడ కలుపుకున్న పటేలా. పుస్తకంల అట్లనే ఉంది."

"పుస్తకంల మస్తుగ ఉంటయి. ఆడపిల్లలకు గీ పాల ముచ్చట చెప్పుడేంది?"

"గా పాఠం ఇడిసిపెట్టండి మేడం" అన్నాడు యజమాని.

"ఇడిసిపెట్ట సార్."

అంతలో మధ్యాహ్నం గంట మోగింది. గుమ్మంలో అత్తమ్మ, ఆమె భుజం మీద గుక్కపట్టి ఏడుస్తున్న పిల్ల. కాసేపు బయట ఉండమని యజమాని చెయ్యి ఊపాడు. నాకు పాలు చేపుకొచ్చి జాకెట్టు తడుస్తోంది. లేచి పిల్లను అందుకున్నాను. వాళ్లకెదురుగా ఉన్న కుర్చీలోనే కూర్చొని, కొంగు కప్పి పాలిచ్చాను. ఏడుపు ఆగింది. పటేల్ కండువా సర్దుకొని బయటికి నడిచాడు. యజమాని కిటికీవైపు తిరిగి కూర్చున్నాడు.

ఎవరి ముందూ గొంతెత్తని అత్తమ్మ, వరండాలోకి రాగానే అంది: "మంచిగ జేసినవ్ బిడ్డా. ఆకలైతే పోరి ఆగుతదా?"

పాఠం చివరిదాకా చెప్పాను. ఆ అమ్మాయి బడి మానలేదు. ఎండాకాలం సెలవులకు ముందు మాత్రం, వచ్చే ఏడు నన్ను రావద్దన్నారు. ఎందుకని అడిగాను.

"పిల్లతల్లులతోని మాకు పరేషాన్ మేడం" అన్నాడు యజమాని.

"పిల్లతల్లులు లేకుంటే మీ బడే లేదు సార్" అని వచ్చేశాను.

జూన్‌లో గండిమైసమ్మ దగ్గర ఇంకో బడిలో పని ఉందని తెలిసింది. అత్తమ్మనూ పిల్లనూ వెంటబెట్టుకొని షేర్ ఆటోలో వెళ్లాను. నా సర్టిఫికెట్లు తిరగేస్తూ పెద్ద టీచరమ్మ తలెత్తి, వీళ్లెవరని అడిగింది.

"మా అత్తమ్మ, నా బిడ్డ. రోజూ నాతోని వస్తరు. బిడ్డకు పాలియ్యాలె. దానికి ఒప్పుకుంటెనే చేరుత" అన్నాను.

ఆమె సర్టిఫికెట్లు సర్ది పక్కన పెట్టింది. తర్వాత ఆయాను పిలిచి, పుస్తకాల గది తాళం తీసి, లోపల నాకొక కుర్చీ వెయ్యమంది.