గంగమణి ఇంటి గడప

నా పేరు దేవిదాస్. మాది ఎడపల్లి. ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత మా బాపు నా చేతికి ఉలి ఇచ్చాడు, యాభై ఎనిమిదేళ్లు దాన్ని కింద పెట్టలేదు. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో అక్కడి క్వార్టర్లకు కిటికీలు బిగించిన వాళ్లలో నేనొకణ్ణి. చెరుకు బండ్లకు చక్రాలు చేశాను. చుట్టుపక్కల పల్లెల్లో నేను నిలబెట్టిన దర్వాజలు నాలుగు వందలకు పైమాటే. వాటిలో ఒక్కటీ ఒరగలేదు, ఒక్క తలుపూ నేలను రాయలేదు. నిజామాబాద్‌లో వడ్రంగుల సంఘం వాళ్లు పిలిచి శాలువా కప్పారు. చేసిన పని చెప్పుకోవడానికి నేను సిగ్గుపడను. అందుకే ఆలస్యం చేసిన పని గురించి కూడా నేనే చెప్పాలి.

మా చెల్లె గంగమణిని ఊళ్లోనే ఇచ్చాం. ముప్పై ఏళ్ల కింద వాళ్లు మట్టి గోడలతో ఇల్లు కట్టుకున్నప్పుడు పుట్టింటి తరఫున దర్వాజ నేనే పెట్టాను. అసలైన టేకు. గడప నేల మీదికి అయిదు అంగుళాలు, నేల లోపలికి రెండు అంగుళాలు. కింద నవధాన్యాలు, రాగి పైసా వేసి, మంచి గడియ చూసి దించాను. ఇంటి నేల, బయటి వాకిలి ఒకే మట్టం. మధ్యలో లేచి కనబడేది నా గడప ఒక్కటే. ఊరోళ్లు వచ్చి చూసి పోయారు.

మా పనివాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. ఇల్లు కూల్చేటప్పుడు తప్ప, దించిన గడపకు ఇనుము తాకకూడదు. నిలబడ్డ ఇంటి గడప కోస్తే ఆ ఇంటి ఆడమనిషికి కీడు అని బాపు చెప్పేవాడు. తలుపు చెక్కాను, చౌకట్లు మార్చాను, గడప మాత్రం ఎన్నడూ ముట్టలేదు.

రెండేళ్ల కింద గంగమణికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. భర్త అంతకు ముందే పోయాడు. కొడుకు మల్లికార్జున్ వరికోత మిషన్ నడుపుతూ సీజనంతా బయటి జిల్లాల్లోనే ఉంటాడు. చూసుకునేది కోడలు శైలజ ఒక్కతే. బీడీలు చుట్టుకుంటూ అత్తకు అన్నీ చేసేది. చక్రాల కుర్చీ దొరికింది, కానీ బాత్రూం బయట, వాకిలి మూలన ఉంది, ఇంటికి ఉన్నది ఒకటే దర్వాజ. గడప దగ్గర కుర్చీ ఆగేది. శైలజ అత్తను చంకల కింద పట్టి లేపి, గోడకు ఆనించి, కుర్చీని అవతల పెట్టి, మళ్లీ కూర్చోబెట్టేది. రోజుకు నాలుగైదు సార్లు. కోడలి నడుము నొప్పి చూసి గంగమణి నీళ్లు తాగడం తగ్గించింది. రెండుసార్లు మూత్రంలో మంట పుట్టి జ్వరం పడింది. డాక్టరు నీళ్లు తాగించమన్నాడు. తాగితే బయటికి పోవాలి కదా అని ఆమె మూతి తిప్పుకునేది.

ఒకరోజు నేను పోయినప్పుడు మాట వచ్చీ రాక అడిగింది.

"అన్నా, గా కడప కోసెయ్యరాదే."

కీడు వస్తుందని చెప్పాను.

"ఇంకేం కీడు మిగిలిందే నాకు?" అంది.

నేను లేచి వచ్చాను. శైలజ ఊరుకోలేదు. నిజామాబాద్‌లో ఉండే అనిల్‌కుమార్‌కు ఫోన్ చేసింది. అతను మూడేళ్లు నా దగ్గరే పని నేర్చుకున్నాడు. ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో వంటింటి అల్మారాలు బిగిస్తాడు. ఆదివారం బండి మీద వచ్చి, సంచిలోంచి మోచేతి పొడవున్న ఒక మిషన్ తీశాడు. మల్టీ టూల్ అంటారట. ముందువైపు నాలుగు వేళ్ల వెడల్పు బ్లేడు అడ్డంగా ఉంది. అది గుండ్రంగా తిరగదు, వెంట్రుకవాసి అటూ ఇటూ వణుకుతుంది, అంతే.

"గిదేం మిషన్‌రా, గడ్డం గీసుకునేదా?" అన్నాను.

"గడ్డం ఏమో గని పెద్దయ్యా, ఏలు మాత్రం తెగదు. జర పెట్టి సూడు" అని నడుస్తున్న బ్లేడుకు తన వేలు ఆనించి చూపించాడు. తర్వాత అదే బ్లేడుతో ఒక టేకు ముక్కను వెన్నలా కోశాడు. టైల్స్ వేశాక చౌకటు కింది అంచు కోయాలన్నా, గోడకు బిగించిన చెక్కలో స్విచ్‌బోర్డుకు కంత చేయాలన్నా, దాగి ఉన్న మేకు కోయాలన్నా ఇదేనట. చెక్కను ఊడదీయక్కర్లేదు, ఉన్నచోటనే కోస్తుందట. బ్లేడు మారిస్తే సిమెంటు గీకుతుంది, మూడు మూలల గాజు కాగితం పట్టీ తగిలిస్తే సందుల్లో కూడా నునుపు చేస్తుంది. గడపను ఒక్కపూటలో నేలమట్టం చేస్తానన్నాడు.

నాకు కోపం వచ్చింది. నా శిష్యుడు నా గడపను నా ముందరే కోస్తానంటున్నాడు. నేనుండగా ఈ ఇంట్లో ఇంకొకరి పనిముట్టు అవసరం లేదని గట్టిగా చెప్పి పంపించాను. శైలజ తల వంచుకుని బీడీల చాట ముందుకు లాక్కుంది.

గడప కోయకుండానే కుర్చీ దాటిస్తానని పంతం పట్టాను. వారం కూర్చుని రెండు వాలు పలకలు చేశాను, గడపకు ఇవతల ఒకటి, అవతల ఒకటి. అతుకు కనిపించకుండా కలిపాను. ఇక్కడే నా చెయ్యి నన్ను మోసం చేసింది. గరుకు చెక్కను నా చేతి నుంచి బయటికి పంపడం నాకు తెలియదు. రందతో చిత్రిక పట్టి, గాజు కాగితం రుద్ది, నూనె పట్టించి, మొహం కనబడేట్టు నునుపు చేశాను. ఏ కూలివాడు చేసినా గరుకుగానే వదిలేసేవాడు. గరుకు చెక్క మీద కాలు నిలిచేది.

తొమ్మిది రోజులు బాగానే నడిచింది. పదో రోజు పొద్దున మంచు పడి బయటి పలక తడిసింది. బాత్రూం నుంచి తిరిగొస్తూ శైలజ కుర్చీని పైకి నెడుతుంటే ఆమె కాలు జారింది. కుర్చీ వెనక్కి దొర్లి పక్కకు ఒరిగింది. గంగమణి పడ్డ చోట వాకిలి బండ ఉంది. తుంటి ఎముక విరిగింది.

నిజామాబాద్ దవాఖానలో పదకొండు రోజులు ఉంచారు. గుండె బలహీనంగా ఉంది, ఆపరేషన్ తట్టుకోదన్నారు. ఇంటికి తెచ్చాక ఆమెను లేపే దారి లేకపోయింది. మంచం నుంచి కుర్చీలోకి దుప్పటితో జార్చుకోవచ్చు, కానీ గడప మీద కుర్చీ ఎత్తితే ఆ చిన్న కుదుపుకే అరిచేది. అరుపు వీధి చివరికి వినబడేది. అందుకని మంచం మీదనే అన్నీ. ఇరవై రోజుల్లో వీపున పుండు పడింది. ఎండ, గాలి తగలాలని, ఒక్క వైపే పడుకోబెట్టొద్దని నర్సు చెప్పింది. కుర్చీ ఒరగకుండా, కుదుపు లేకుండా నేలమట్టంగా బయటికి పోవాలి. ఆమెకు మిగిలింది ఆ ఒక్క ఆశే. ఆ దారికి అడ్డం నా గడపే.

వాలు పలకలు నేనే పీకి పొయ్యిలో పెట్టాను. గడప మీద ఉలి పెట్టి సుత్తెతో ఒక్క దెబ్బ వేశాను. పై నుంచి మట్టి పెళ్లలు రాలి గంగమణి మంచం మీద పడ్డాయి. దర్వాజ పక్కన గోడకు వేలు దూరేంత పగులు పడింది. ఇంకో నాలుగు దెబ్బలు పడితే గోడే కూలేది. రంపం తీసుకున్నాను. రెండు నిలువు చెక్కల మధ్య దాన్ని ముందుకూ వెనక్కూ లాగడానికి చోటే లేదు, కొన నేలకు కొట్టుకుంటోంది. నాలుగు వందల దర్వాజలు నిలబెట్టిన మనిషిని, ఒక చెక్క ముక్క ముందు ఊరికే కూర్చున్నాను.

నేనే అనిల్‌కుమార్‌కు ఫోన్ చేశాను. ఒక మాట అంటాడని అనుకున్నాను. అంటే బాగుండేది.

"మూడు బ్లేడ్లు తెస్త పెద్దయ్యా. టేకు గద, అరుగుతయి" అన్నాడంతే.

తెల్లారి వచ్చాడు. మిషన్ నా చేతికే ఇమ్మన్నాను. ఎట్లా పట్టుకోవాలో చూపించి పక్కన కూర్చున్నాడు. బలంగా అదమొద్దు, బ్లేడును కొద్దికొద్దిగా ఊపుతూ పోనివ్వమన్నాడు. నిలువు చెక్కల పక్కన చెరొక గాటు పెట్టాను. గోడ నుంచి ఒక్క మట్టి రేణువు రాలలేదు. బ్లేడు రెండు అంగుళాల కన్నా లోతుకు పోదు కాబట్టి గడపను గళ్లుగళ్లుగా కోస్తూ, ఒక్కో ముక్కను చేత్తోనే తిప్పి తీస్తూ వెనక్కి పోవాలి. బ్లేడును నేలకు ఆనించి పడుకోబెడితే మట్టానికి సరిగ్గా తెగింది. మధ్యలో, గడప దించక ముందు నేనే దిగగొట్టిన రెండు మేకులు తగిలాయి, ఇనుము కోసే బ్లేడు వేసి వాటినీ తెంపాను. నేలలోని రెండు అంగుళాలు ముట్టుకోలేదు. నిలువు చెక్కల కింది కొనలకు చెక్కిన కుసులు దాంట్లోనే కూర్చున్నాయి కనుక దర్వాజ కదలలేదు. టేకు కాలిన వాసన ఇల్లంతా నిండింది. రెండు బ్లేడ్లు అరిగాయి. మధ్యాహ్నానికి పని అయింది. చివర పట్టీ తగిలించి అంచులు రుద్దాను, కానీ ఈసారి నునుపు చేయలేదు.

ఇన్నాళ్ల పనిలో ఇంత ఉపయోగమైన పనిముట్టును నేను చూడలేదు. దాన్ని రెండు నెలల ముందే మా చెల్లె ఇంట్లోంచి పంపించింది కూడా నేనే.

శైలజ, అనిల్ కలిసి దుప్పటితో గంగమణిని కుర్చీలోకి జార్చారు. చక్రాలు కోసిన చోటు మీదుగా పోయాయి. ఆమె పళ్లు బిగబట్టి ఉంది, నొప్పి వస్తుందని. కుదుపు రాలేదు. వాకిట్లో ఎండ పడుతున్న చోట కుర్చీ ఆపారు. చాలాసేపు కళ్లు మూసుకుని కూర్చుంది. చెంబెడు నీళ్లు తాగింది. తర్వాత దర్వాజ వైపు చూసి, నన్ను చూసింది.

"గింత పనేనా, అన్నా?" అంది.

ఆమె కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. శైలజ మొహం పక్కకు తిప్పుకుంది. నేను వంగి, కోసిన టేకు ముక్కలు ఏరడం మొదలుపెట్టాను.

ఆ రోజు నుంచి ఇరవై రెండు రోజులు శైలజ రెండు పూటలా ఆమెను ఎండలోకి తెచ్చింది. పుండు మానలేదు, లోపలికే దిగింది. ఇరవై మూడో రోజు జ్వరం మీద పోయింది. ముందే ఎండ తగిలితే బతికేదా అని దవాఖానలో అడిగాను. అసలు ఆమె కింద పడకుండా ఉంటే పుండే ఉండేది కాదు కదా అన్నాడు డాక్టరు, చావు చీటీ రాస్తూ.