ఆ రోజు ఇంజెక్షన్ ఇవ్వని గ్రేసీ అక్క

నిన్న డ్యూటీ దిగి ఫోన్ తీస్తే మా నర్సుల గ్రూపు నిండా దండం పెట్టే బొమ్మలు. ఎవరి బంధువులో పోయారనుకున్నాను. పైకి జరుపుతూ వెళ్తే గ్రేసీ అక్క ఫొటో.

మళ్లీ చూశాను.

గ్రేసీ అక్కే.

జ్వరమని లీవ్ పెట్టింది. డెంగీ అని తేలాక కూడా "తగ్గిపోద్దిలే, నా బెడ్లు జాగర్తగా సూసుకో" అని నాకే మెసేజ్ పెట్టింది. దానికి నేను పెట్టిన రిప్లై తను చూడనే లేదు.

అక్కది భీమిలి. రోజూ బస్సులో వైజాగ్ వచ్చి వెళ్లేది. నేను స్టాఫ్ నర్సుగా చేరినప్పుడు వార్డులో సీనియర్ తనే. మా నాన్న హార్బర్‌లో కూలీ. మా ఇంట్లో మందు చీటీ చదవగలిగేది నేనొక్కదాన్నే. అందుకని కాగితం మీద ఏది రాసుంటే అది టైమ్‌కి ఇచ్చేయడమే మంచి నర్సింగ్ అనుకునేదాన్ని.

అక్క నన్ను ఏడిపించేది. "టైమైందని ఇచ్చేత్తే ఇంక మనమెందుకే పిల్లా, అలారమెట్టుకుంటే సరిపోద్ది. ముందు మనిసిని సూడు."

ఇప్పుడు ఒక విషయం రాయాలి. రాయడానికి భయంగా ఉంది. అయినా రాస్తాను.

పోయిన ఏడాది భీమిలి నుంచే ఒక మామ్మ తుంటి ఆపరేషన్‌కి వచ్చింది. పేషెంట్ పేరు రాయను, అక్క ఒప్పుకోదు. చేపలమ్ముకునే కుటుంబం, అక్క వాళ్ల వీధే. థియేటర్ నుంచి మధ్యాహ్నం మా వార్డుకి తెచ్చారు. నొప్పికి గట్టి ఇంజెక్షన్ ఆర్డర్ ఉంది. మామ్మ మూలుగుతోంది. కూతురు కంగారు పడుతోంది.

అక్క ఇంజెక్షన్ ట్రేలో ఉంచి, మామ్మ కడుపు మీద చెయ్యి వేసి, వాచీ చూస్తూ నిలబడింది. ఊపిరి చాలా నెమ్మదిగా ఆడుతోంది. పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మత్తులోకి జారిపోతోంది. అక్క ఆక్సిజన్ పెట్టి, డోస్ ఆపేసి, డాక్టరుకి ఫోన్ చేసింది. ఆర్డర్ ఉంది కదా ఇచ్చేయమన్నారు. "ఇవ్వను సార్. మీరొకసారి వచ్చి చూడండి" అంది. ఆ మాట నా పక్కనే అంది.

డాక్టరు వచ్చేదాకా మామ్మని పేరు పెట్టి పిలుస్తూ, భుజం తడుతూ లేపుతూనే ఉంది. కూతురికి అది ఎలా కనిపించి ఉంటుందో ఆలోచించండి. నొప్పికి మందివ్వదు. పోనీ పడుకోనివ్వదు. ఆమె అక్క కాళ్లు పట్టుకుంది. తర్వాత తిట్టింది.

"మీయమ్మయితే ఇలాగే సూత్తా నిలబడతావా?"

అక్క తల కూడా తిప్పలేదు. "నువ్వు కూడా పిలమ్మా. నిద్దరపోనివ్వకు" అంది.

డాక్టరు వచ్చి చూసి వెంటనే విరుగుడు మందు ఇచ్చారు. అప్పుడు తెలిసింది, థియేటర్ దగ్గరే అదే ఇంజెక్షన్ ఒకసారి పడిందని. ఆ సంగతి మా వార్డుకి ఎవరూ చెప్పలేదు, కేస్ షీట్‌లో రాయలేదు. రెండోది కూడా పడి ఉంటే ఊపిరి ఆగిపోయేది.

ఇంటివాళ్లకి మాత్రం "ఇప్పుడు బాగానే ఉంది" అని చెప్పి వెళ్లిపోయారు.

కూతురు కంప్లయింట్ ఇచ్చింది, నర్సు పొగరుగా ఉందని, కావాలనే మందివ్వలేదని. పైవాళ్లు అక్కని పిలిచారు. థియేటర్‌లో పడిన డోస్ సంగతి బయట మాట్లాడొద్దన్నారు. వెళ్లి సారీ చెప్పమన్నారు.

అక్క వెళ్లి ఆ మంచం దగ్గర చేతులు జోడించి సారీ చెప్పింది.

ఎందుకని అడిగాను. "ఇప్పుడు నిజం సెప్తే ఆ ముసలావిడ బయపడి డ్రెస్సింగ్‌కి కూడా రాదే. ముందు కాలు కుదరనీ. తరవాత నానే సెప్తాను" అంది. అది నర్సు తీసుకున్న నిర్ణయమా, ఇద్దరు పిల్లలున్న తల్లికి ఉద్యోగం గురించిన భయమా? రెండూ అయి ఉండొచ్చు. నాకు ఇప్పటికీ తెలియదు.

మామ్మ కాలు కుదిరింది. అక్క మాత్రం చెప్పలేదు. వాళ్ల వీధిలో ఆ కుటుంబం తనకి చేపలమ్మడం మానేసింది. "ఇంక సికెనే తింటన్నాను, లావైపోతన్నాను" అని నవ్వేది. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు.

ఈ రోజు భీమిలిలో సమాధి కార్యక్రమానికి ఆ కూతురు వచ్చింది. వెనకాల నిలబడి ఎవరితోనో అంటోంది, "పొగరు మనిసే గానీ, పాపం, సిన్న పిల్లలు."

నేను తట్టుకోలేకపోయాను. పక్కకి పిలిచి మొత్తం చెప్పేశాను.

అంతా విని ఆమె ఒక్కటే అడిగింది.

"మరి సారీ ఎందుకు సెప్పింది?"

చెప్పమన్నారు కాబట్టి, అన్నాను. ఆమె అక్కడే ఇసుకలో కూర్చుండిపోయింది. అక్క పిల్లలు అటువైపే చూస్తున్నారు.

నేను బస్సెక్కబోతుంటే వెనకాలే వచ్చింది. "మాయమ్మ పేరెట్టకుండా నీ ఫోన్లో రాయి. వీదంతా ఆవిడ గురించి సెడ్డగా సెప్పింది నానే. ఇప్పుడు నానొక్కద్దాన్నే కాదంటే ఎవులూ నమ్మరు."

అందుకే రాస్తున్నాను. భీమిలి వాళ్లు ఎవరైనా ఇది చూస్తే మీ వీధిలో చదివి వినిపించండి. రేపు డ్యూటీలో నన్నేమంటారో తెలియదు. అనుకోనివ్వండి.

గ్రేసీ అక్కా, నీ మీద పడిన మాట నువ్వుండగా తుడవలేకపోయాం. ఆలస్యమైంది.

ప్రభువు నీకు విశ్రాంతినివ్వాలి. నీ పిల్లలు నీ పేరు తలెత్తుకుని చెప్పుకోవాలి.