గంజి పెట్టిన పడుగుకు ముందు దారి

ఎమ్మిగనూరులో భాగ్య నడిపే కంప్యూటర్ సెంటర్లో నాలుగు తెరలు, నాలుగు కుర్చీలు కనిపిస్తాయి. కంప్యూటర్ మాత్రం ఒక్కటే. ఆ ఒక్కదాని కడుపులోనే, తెరకొకటి చొప్పున, సాఫ్ట్‌వేరుతో సృష్టించిన నాలుగు కంప్యూటర్లతో కాపురం పెట్టించింది భాగ్య. లోపలి ప్రతిదీ ప్రింటరు తన సొంతమేననుకుంటుంది. అది అడిగిందల్లా పెద్ద కంప్యూటరు మధ్యలో అందుకొని, ఉన్న ఒక్క ప్రింటరుకు వంతుల వారీగా పంపుతుందని దానికేం తెలుసు, పాపం! ఉమ్మడి కాపురంలో అత్తగారి పెత్తనం బయటపడకుండా సాగాలంటే ఇంతకన్నా మంచి ఉపాయం లేదు.

ఆ రోజు మాత్రం తండ్రి మీది ప్రేమతో భాగ్య ఆ కట్టు తప్పింది. ఆమె తండ్రి గోవిందయ్య నేతగాడు. ఆయన సొంతంగా కల్పించిన చీర అంచు ఒక పాత సాఫ్ట్‌వేర్లోనే తెరుచుకుంటుంది. దానికోసమే నాలుగింటిలో ఒకదాన్ని పాతకాలపుదిగా ఉంచింది. మధ్యాహ్నానికి నమూనాను గళ్లలో అచ్చువేసిన గ్రాఫ్ కాగితాలు చూపిస్తే ఆ అంచే నేయిస్తానని, లేదంటే సాదా అంచేనని షావుకారు ఈరన్న ముందురోజే చెప్పిపోయాడు. గోవిందయ్యకు రాత్రంతా నిద్ర లేదు.

పడుగెక్కిన మగ్గం మీద ఇంకొకరి చెయ్యి పడరాదు. పుట్టినింట నేర్చిన ఆ పద్ధతితోనే భాగ్య ప్రింటరును నేరుగా ఆ పాతదానికే కట్టేసింది. కాగితాలు గడగడా రావడం మొదలైంది. తండ్రి ముఖం చూసి ఆమె కడుపు నిండిపోయింది.

అప్పుడే ప్రార్థన అనే అమ్మాయి పరుగున వచ్చింది. "అక్కా, హాల్ టికెట్ ఇయ్యి. ఆదోనిలో పరీక్ష, బస్సు వచ్చేస్తాండాది!"

భాగ్య రెండో తెర మీద టికెట్ తెరిచింది. ప్రింటరు లేదంది అది. మూడోదీ అదే మాట. ప్రింటరు కళ్లెదుటే తిరుగుతోంది, వీటికి మాత్రం కనబడదు! దాన్ని విడిపించాలంటే తండ్రి పని ఆపాలి. ఆపితే గ్రాఫ్ మళ్లీ మొదటికి వస్తుంది. భాగ్య తండ్రి వైపు తిరిగింది.

గోవిందయ్య కూతురి ముఖమూ చూశాడు, ఆ పిల్ల ముఖమూ చూశాడు. వాళ్ల వీధిలో ఒక కట్టుబాటు ఉంది. గంజి పెట్టిన పడుగును వెంటనే వీధిలో చాచి ఆరబెట్టకపోతే దారాలు అంటుకుపోతాయి. అందుకే వీధి వాడుకునే వంతు ఎవరిదైనా, గంజి పెట్టినవాళ్లు వస్తే దారి ఇవ్వాల్సిందే.

"ఆపు పాపా," అన్నాడాయన. "గంజి పెట్టింది ఆ పిల్ల. నాది ఇంకా పొడి దారమే."

భాగ్య గ్రాఫ్ ఆపి, ప్రింటరును పెద్ద కంప్యూటరు చేతికి తిరిగి అప్పగించింది. టికెట్ రాగానే ప్రార్థన దండం పెట్టి బస్సుకు పరుగెత్తింది.

గ్రాఫ్ మళ్లీ మొదలైంది. ఈసారి ఒక్కొక్క కాగితం విడివిడిగా పంపుతోంది భాగ్య. సగం కూడా రాకముందే ఈరన్న వచ్చాడు.

"ఇంకా కాలేదా గోవిందన్నా? అయితే సాదా అంచే."

గోవిందయ్య జరిగింది చెప్పాడు. ఈరన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మా నాయన పడుగు ఒకతూరి దారి దొరక్క వీధిలోనే పాడైపోయినాదప్పా. ఆ పొద్దు మా ఇంట్లో పొయ్యి ఎలగలా. కానీలే, కూసుంటా."

గోవిందయ్యకు కళ్లు చెమర్చాయి. కాగితాలు వస్తూనే ఉన్నాయి. మధ్య మధ్యలో ఎవరిదో రేషన్ కార్డు, ఎవరిదో అర్జీ. చివరి కాగితం చేతికొచ్చాక ఈరన్న వాటన్నిటినీ బల్ల మీద వరుసగా పేర్చి, అంచు మీద వేలు నడిపి, "రేపే మగ్గమెక్కించు," అన్నాడు.

ఆయన వెళ్లాక గోవిందయ్య అడిగాడు. "పిల్ల పోయినాక మళ్లీ ప్రింటరును నా ఒక్కనికే కట్టియ్యలేదేంటికి పాపా?"

భాగ్య నవ్వింది. "ఇది మగ్గమనుకున్యా నాయనా. కాదు, మన వీధి."