రెండు పెన్నుల జేబు

మా అక్క భర్త రాజాంలో ప్లీడరు. ఆయనకు రెడీమేడ్ చొక్కాలు నచ్చేవి కావు. ఇద్దరం ఒకే తెల్లగుడ్డ కొని ఒకే టైలరు దగ్గర కుట్టించుకునేవాళ్ళం. ఆయన జేబుకు మాత్రం రెండు పెన్నులు పట్టేలా అరలుండేవి.

పోయినేడాది కొత్త చొక్కాలు వచ్చిన మర్నాడే బావ గుండెపోటుతో పోయాడు. ఆ కొత్తదే తొడిగి సాగనంపాం. చేతులు పొట్టయినా ఎవరం పట్టించుకోలేదు.

పన్నెండో రోజున నా కొత్త చొక్కా చూసుకోకుండానే వేసుకెళ్లాను. అక్క చూపు జేబు మీద ఆగింది.

"ఒరే, ఇది మీ బావ సొక్కా కదేటి! మరి ఆరికి తొడిగిందేటి?"

"ఆరికి తొడిగింది నాదే అక్కా. టైలరు పొట్లాలు మార్చీసినాడు."

"అయితే ఇప్పీరా. ఇదైనా నాకాడ ఉంటాది."

అందరి ముందూ విప్పి ఇచ్చాను. బనియన్‌తోనే పంక్తిలో కూర్చుని తిన్నాను. సిగ్గూ రాలేదు, ఏడుపూ రాలేదు. నా కొలతల చొక్కా బావతో పాటు కాలిపోయిందన్న మాటే తలలో తిరిగింది.

రోజూ డైరీ రాసే నేను ఆనాడు తారీఖు వేసి మూసేశాను.