సూర్యుడికి ఎదురుగా నా పేరు

ఎండ మండిపోయే ఊళ్లో, ఎండతో వెలగాల్సిన దీపాన్ని ఆర్పేసిన మనిషిని మీరు చూసి ఉండరు. చూడాలని ఉంటే మా ఎల్లారెడ్డి దాకా రానక్కర్లేదు, ఈ నాలుగు ముక్కలు చదివితే చాలు. ఇందులో దొంగలు లేరు, గాలివాన లేదు, దుకాణదారు మోసం కూడా లేదు. మోసం ఉందని వీధంతా చాటింది నేనే. ఇంత సర్వనాశనానికి నేనొక్కణ్నే సరిపోయాను.

తొంభైల నాటి మాట. కామారెడ్డిలో చదివి, భౌతికశాస్త్రంతో సహా బి.ఎస్సీ. ఎలాగో గట్టెక్కి, ఉద్యోగమే నన్ను వెతుక్కుంటూ వస్తుందని ఇంట్లో కూర్చున్న రోజులవి. బాపు కౌలుకు పొలం చేసేవాడు. ఇల్లు గడిచేది మాత్రం అవ్వ, అంటే మా అమ్మ, చుట్టే బీడీలతోనే. సాయంత్రమయ్యేసరికి కరెంటు పోయేది. మా ఊళ్లో వేళ తప్పకుండా జరిగే పని అదొక్కటే. కిరోసిన్ కందిలి పెట్టుకుని చుట్టిన బీడీలు కొన్ని వదులుగా, కొన్ని వంకరగా వచ్చేవి. కంపెనీ తరఫున బీడీలు చూసి తీసుకునే టేకేదారు పొద్దున్నే వాటిని తుంచి పక్కన పడేసేవాడు.

"గిట్లనే తెస్తే కార్డు తీసేస్త, లక్ష్మవ్వా" అన్నాడు ఒకరోజు.

కార్డు పోతే పని పోయినట్టే. అవ్వ ఆ పూట ముద్ద నోట్లో పెట్టలేదు.

అప్పుడు నాలోని శాస్త్రవేత్త నిద్ర లేచాడు. కామారెడ్డిలో ఒక దుకాణంలో సోలార్ ప్లేటు చూసొచ్చి, బర్రె కోసం అవ్వ కూడబెట్టింది దానికి పెడదామన్నాను. బర్రెకు గడ్డి వేయాలి, నీళ్లు తాపాలి, తప్పిపోతే వెతకాలి. ఇదైతే ఎండ తాగి వెలుగునిస్తుంది, కూర్చున్న చోటు నుంచి కదలదు అని వాదించాను. బాపు బర్రె పక్షం. అవ్వ నా చదువు పక్షం. ఆ ఇంట్లో నా చదువును నమ్మింది ఆమె ఒక్కతే, పాపం.

దుకాణం మెకానిక్ వచ్చి మా డాబా మీద ఇనుప స్టాండు వేసి, దాని మీద ప్లేటు బిగించి, లోపల బ్యాటరీ, ట్యూబులైటు పెట్టాడు. పోతూ పోతూ, "ముఖం దక్షిణం దిక్కే ఉండాలన్నా. కదిలియ్యకుండ్రి" అన్నాడు. భౌతికశాస్త్రం చదివినవాడికి ఇది చెప్పాలా అన్నట్టు నవ్వాను.

ఆ సాయంత్రం కరెంటు పోయింది. మా ఇంట్లో తెల్లటి వెలుగు నిలబడింది. బీడీ ఆకు కోసే అవ్వ కత్తెర ఆగకుండా ఆడింది. మర్నాడు టేకేదారు ఒక్క బీడీ కూడా తుంచలేదు. కథ ఇక్కడితో ఆగి ఉంటే మీకు చదవడానికి ఏమీ ఉండేది కాదు.

చిక్కంతా ఎక్కడంటే, మా ఇంటి ముఖం ఉత్తరానికి. వీధీ అటే, బాన్సువాడ బస్సు పోయేదీ అటే. దక్షిణం వైపు ఉన్నది పేడకుప్ప. ఊళ్లో ఇంకెవరికీ లేని వస్తువు తెచ్చి పేడకుప్పకు చూపిస్తున్నాను! వీధిలో పోయేవాళ్లకు దాని వీపు, ఇనుప కాళ్లు తప్ప ఏమీ కనబడవు. "మీ డాబా మీద మంచం నిలబెట్టిండ్రేంది?" అని ఒకాయన అడిగాడు. అది నా గుండెలో దిగింది.

మర్నాడు పొద్దున్నే పానా తీసుకుని డాబా ఎక్కి, ప్లేటును వీధి వైపు తిప్పేశాను. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాళ్లకు బాగా కనబడాలని దుకాణం బోర్డులా నిటారుగా నిలబెట్టాను కూడా.

అక్కడితో ఆగానా? మా వైపు ఇంట్లోకి కొత్త గిన్నె వస్తే అందులో నీళ్లు పోసే ముందే పేరు కొట్టిస్తారు. పెళ్లిళ్లకు ఇచ్చిన బిందెలు తిరిగి ఇల్లు చేరేది ఆ పేరు పట్టుకునే. చెంబుకే పేరుంటే, ఇంత విలువైన అద్దానికి ఉండొద్దా? బస్టాండు దగ్గర బోర్డులు రాసే ఖాజా భాయిని పిలిచాను. ఆయన డాబా ఎక్కి, అద్దం తుడిచి, మెచ్చుకున్నాడు.

"నున్నగున్నది భాయ్. ఎన్మిల్ రంగు వేస్తే జన్మల పోదు. అచ్చరాలకు నీడ పెట్టాల్నా?"

"పెడితే ఏమైతది?"

"దూరం నుంచి ఉబ్బెత్తుగ కొడతది."

"అయితే పెట్టు, మంచిగ నల్లగ పెట్టు."

అలా ఈ చివర నుంచి ఆ చివరి దాకా, పసుపు రంగు అక్షరాలు, నల్లటి నీడలతో వెలిసింది: జి. సాయిలు, బి.ఎస్సీ.

రోడ్డు మీద నిలబడి చూసుకున్నాను. సూర్యుడు కూడా నా పేరు చదువుకునే పొడుస్తాడనిపించింది.

ఆ సాయంత్రం లైటు బీడీ కాల్చినంత సేపు వెలిగి ఆరిపోయింది. మబ్బన్నాను. మర్నాడు అసలు వెలగలేదు. పొగమంచు అన్నాను. ఆ తర్వాత బ్యాటరీ మీద, చలికాలం మీద, చివరికి పక్కింటి చింతచెట్టు మీద కూడా నేరం మోపాను. చింతచెట్టు నీడ మా ఇంటి మీద పడదు.

వెలుగు రాలేదు గానీ జనం వచ్చారు. గాంధారి నుంచి వచ్చిన ఒక ముసలాయన బస్సు దిగి, నేరుగా మా అరుగు మీద కూర్చుని, మోకాలు చాపాడు. పేరు వెనక చుక్కలు పెట్టి అక్షరాలుంటే డాక్టరేనని ఆయన లెక్క. అవ్వ ఆయనకు నీళ్లిచ్చి, "అది పని లేనోని బోర్డు పెద్దయ్యా, దవాఖాన అవతలి వాడకట్టుల ఉన్నది" అని సాగనంపింది.

అటు టేకేదారు మళ్లీ తుంచడం మొదలుపెట్టాడు. రేపటి బీడీల కట్ట కూడా ఇట్లాగే ఉంటే ఎల్లుండి నుంచి రావొద్దన్నాడు. అవ్వ కత్తెర కాస్త గట్టిగా కింద పెట్టింది.

నేను ఆ పొద్దున్నే బస్సెక్కి కామారెడ్డి వెళ్లి దుకాణంలో వీరంగం వేశాను. మోసం చేశారన్నాను. మెకానిక్‌ను వెంటబెట్టుకొచ్చాను. దోషిని వీధి మధ్యలో నిలదీయాలని చుట్టుపక్కల వాళ్లందర్నీ పోగుచేశాను. మెకానిక్ రోడ్డు మీదే ఆగి డాబా వైపు చాలాసేపు చూశాడు.

"బోర్డు మస్తుగున్నదన్నా" అన్నాడు. "ప్లేటు ఏడ పెట్టిండ్రు?"

వీధి వీధంతా నవ్వింది. ఖాజా భాయి కూడా నవ్వాడు. అది నాకు అన్యాయమనిపించింది.

బాపు చుట్ట తీసి, తాపీగా అన్నాడు: "బర్రె అయితే పేరు రాసినా పాలిచ్చేదిరా."

మెకానిక్ ప్లేటును తిరిగి దక్షిణానికి తిప్పి, ఖాళీ అయిపోయిన బ్యాటరీని బాగుచేయడానికి పట్టుకుపోయాడు. ఖాజా భాయి రంగు మాట నిలబెట్టుకుంది. కిరోసిన్ పోసి, బ్లేడుతో గీకి, గోళ్లరిగిపోయాక పేరు ఊడింది. బి.ఎస్సీ. మాత్రం చదువుకునేటప్పుడు ఎంత సతాయించిందో ఊడేటప్పుడూ అంతే సతాయించింది.

కానీ పొద్దు గూకింది, కరెంటు పోయింది, కట్ట పొద్దున్నే ఇవ్వాలి. ఇక మిగిలింది కందిలి, నేను. అవ్వ ఒళ్లోని బీడీల చాట మీద వెలుగు సరిగ్గా పడేలా కందిలి పట్టుకుని అవ్వ పక్కన నిలబడ్డాను. కాళ్లు పీకాయి. కదలలేదు. అవ్వ ఒక్కో ఆకూ చుట్టి, దారం కట్టి, ఒకసారి తలెత్తి చూసింది.

"జర దక్షిణం దిక్కు తిరుగు కొడుకా. నీ నీడ చాట మీద పడుతున్నది."

మర్నాడు టేకేదారు కట్ట విప్పి, అటూ ఇటూ తిప్పి చూసి, ఒక్కటీ తుంచకుండా పక్కన పెట్టుకున్నాడు. కార్డు నిలిచింది.

కాబట్టి పాఠక మహాశయులారా, మీ అందరి సాక్షిగా ఇదే నా ప్రతిజ్ఞ. ఇక ఈ జన్మలో గిన్నె మీద గానీ, గోడ మీద గానీ, వెలుగు వచ్చే తోవలో నా పేరు పెట్టను. తప్పనిసరై ఎక్కడైనా రాయాల్సి వస్తే వెనకవైపు, చిన్న అక్షరాలతో, నీడ లేకుండా రాస్తాను. సూర్యుడు నా పేరు చదవకపోయినా ఫర్వాలేదు. ఆయన పని ఆయన చేసుకుంటే చాలు.