వాళ్ళు చెప్పరు, నేను అడగను

పిల్లాడు పెద్ద క్లాసుల్లోకి వచ్చాక చేతికి కాస్త తీరిక దొరికి, దూరవిద్యలో మనస్తత్వశాస్త్రం తీసుకున్నాను. గల్ఫ్‌లో మేముండే అల్ మవాలేలో మా బిల్డింగ్ ఆడవాళ్ళకి ఆ సంగతి తెలిసినప్పటి నుంచి నాకు మనశ్శాంతి లేకుండా పోయింది. కింది ఫ్లాట్‌లో ఉండే గోదావరి జిల్లా ఆవిడ లిఫ్ట్‌లో కనబడినప్పుడల్లా, "మావారి మనసులో ఏముందో కాస్త చెప్పండి వదినగారూ" అనేది. "దానికి పుస్తకం ఎందుకండీ, ఆయన ఫోన్ తీసి చూడండి" అనేదాన్ని. ఇంకొకావిడ, పిచ్చివాళ్ళ చదువు మనకెందుకమ్మా అని సలహా ఇచ్చింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ముందు మీ ఇంటి నుంచే మొదలుపెడతానన్నాను. ఆవిడ చాలా రోజులు నాతో మాట్లాడలేదు.

నన్ను ఈ చదువులో చేర్పించింది మా అక్క. జగిత్యాల దగ్గర ఒక బడిలో టీచరు. తను చదవాలనుకుని చదవలేకపోయినదాన్ని నా చేత చదివించాలని పట్టు. సాయంత్రం ఫోన్ చేసి, బడిపిల్ల చేత చెప్పించుకున్నట్టు పాఠం చెప్పించుకునేది. నాకు మొదటి అధ్యాయమే నచ్చలేదు. మనసు గురించి తెలుసుకుందామని చేరితే, మనసు కంటికి కనబడదు, కనబడేది ప్రవర్తన, కాబట్టి ప్రవర్తనను గమనించడం నేర్చుకోండి అని మొదలుపెట్టారు. ఒకప్పుడు పండితులు ఎవరి లోపలికి వారు చూసుకుని మనసంటే ఇదీ అని చెప్పేవారట. ఒకరు చెప్పింది ఇంకొకరికి పొసగక, చివరికి ప్రయోగశాలలు పెట్టి కొలవడం మొదలుపెట్టారట. ఇంత పుస్తకం రాసి చెప్పేది ఇదేనా అని నేను విసుక్కుంటే, "జర ఓపిక వట్టు. నీకు అన్నీ తొందరనే" అని అక్క నవ్వింది.

మా ఆయన ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో స్టోర్ చూస్తారు. పనివాళ్ళు ఉండే క్యాంపులో ఎక్కువమంది మా వైపు వాళ్ళే. అక్కడ ఒక పద్ధతి ఉంది. ఊళ్ళో ఎవరైనా చనిపోతే ఆ కబురు చనిపోయినవాళ్ళ మనిషికి రాదు, అతని రూమ్ వాళ్ళకి వస్తుంది. వాళ్ళు అతనితో సీరియస్‌గా ఉందని మాత్రమే చెబుతారు. కంపెనీతో మాట్లాడి లీవు ఇప్పించి, టికెట్ తీసి, బ్యాగు సర్ది, అదే విమానంలో వెళ్తున్న తెలిసినవాణ్ణి పక్కన పెట్టి పంపిస్తారు. రూమ్ అంతటికీ తెలుస్తుంది, ఒక్కడికి తప్ప.

తండ్రి పోయిన ఒకతన్ని అలా పంపుతుంటే నేను మా ఆయనతో గట్టిగానే పోట్లాడాను. మనిషిని మోసం చేసి విమానం ఎక్కిస్తారా, అతనికి తెలుసుకునే హక్కు లేదా, పుస్తకంలో దుఃఖం గురించి ఏం రాశారో చదివి వినిపించమంటారా అని. ఆయన చెప్పులు వేసుకుంటూ, "చెప్తే వాడు ఎయిర్‌పోర్ట్‌ల కూలబడితే నీ పుస్తకం వచ్చి పట్టుకుంటదా?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆ వెళ్ళినతను తిరిగొచ్చాక ఎవరినీ ఒక్క మాట అనలేదు. తర్వాత ఇంకొకరి ఇంట్లో అలాగే జరిగితే సీరియస్ అని చెప్పడానికి ముందుగా లేచింది అతనేనట. ఆ మాట విని నాకు ఇంకా చిరాకు వేసింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి అక్కకి జ్వరం వచ్చి తగ్గక, హైదరాబాద్ ఆసుపత్రిలో చేర్చారు. ఒక గురువారం సాయంత్రం మాట్లాడింది. గొంతులో బలం లేదు. అయినా పాఠం ఎంతవరకు వచ్చిందే అని అడిగింది. మనసు తట్టుకోలేనిదాన్ని ఎలా దాచుకుంటుందో చెప్పే అధ్యాయంలో ఉన్నానన్నాను. ఇంటికి వెళ్ళాక చెప్పించుకుంటానంది.

మర్నాడు శుక్రవారం నేను లేచేసరికి మా ఆయన వంటింట్లో టీ పెడుతున్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన పొయ్యి దగ్గరికి వచ్చింది నాకు ఒంట్లో బాగాలేనప్పుడే. నాకు బాగానే ఉంది. ఆయన కప్పు చేతికిచ్చి నా మొహం చూడకుండా, "అక్కకు జర సీరియస్ ఉన్నదట. నువ్వు ఒకసారి పోయి చూసి రా. టికెట్ అయింది" అన్నారు.

నేను ఫోన్ తీశాను. మా ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే పూల బొమ్మలతో శుభోదయాలు పెట్టేవాళ్ళు అరడజను మంది ఉన్నారు. ఎవరి ఇంట్లో ఏమున్నా అవి ఆగవు. ఆ రోజు ఒక్కటీ లేదు. అందరూ కలిసి నన్ను వదిలేసి ఇంకెక్కడో మాట్లాడుకుంటున్నారని అర్థమైంది. కాసేపటికి కింది ఫ్లాట్ ఆవిడ పెరుగన్నం డబ్బాలో పెట్టుకుని వచ్చింది. ఏమీ అడగలేదు, వదినగారూ అనలేదు, మావారి మనసు అనలేదు. నా జడ సరిచేసి వెళ్ళిపోయింది. ఆవిడకి కూడా చెప్పారన్నమాట.

గమనించడం నేర్చుకోమన్నారుగా, నేర్చుకున్నాను. ఎవరూ నోరు విప్పకుండానే మొత్తం చదివేశాను. నిలదీసి అడిగితే మా ఆయన అబద్ధం ఆడలేరని కూడా తెలుసు. అయినా అడగలేదు. హక్కు గురించి అంత పోట్లాడినదాన్ని, బ్యాగులో చీరలు పెట్టుకుంటూ, అక్కకి ఖర్జూరం పెట్టుకోనా అని అడిగాను. ఆయన తల తిప్పుకుని పెట్టుకో అన్నారు. ఇద్దరం కలిసి ఖర్జూరం పెట్టాం. ఇలాంటిదాన్ని నిరాకరణ అంటారని పుస్తకంలో ఉంది. జరిగిన నిజాన్ని మనసు ఒప్పుకోకపోవడమట. నా మనసు ఒప్పుకుంది. ఎవరైనా ఆ మాట అనేదాకా నాకు అక్క ఉన్నట్టే కదా అని నోరు మూసుకున్నాను. నాకు భయంగా ఉంది. ఆయన మీద కోపంగానూ ఉంది, ఆ కోపం దేనికో చెప్పలేను.

ఆయన రెసిడెంట్ కార్డు రెన్యూవల్‌లో ఉంది, అది చేతికొచ్చేదాకా దేశం దాటలేరు, పిల్లాడికి పరీక్షలు, అందుకని నేనొక్కదాన్నే బయల్దేరాను. ఎయిర్‌పోర్ట్‌లో లోపలికి వెళ్ళే చోట ఒకతన్ని చూపించి, ఇతనూ హైదరాబాదే వెళ్తున్నాడు, ఏదన్నా కావాలంటే అడుగు అన్నారు. అతను నమస్తే అక్కా అని నా బ్యాగు అందుకున్నాడు. నా పక్కన పెట్టిన మనిషి అతనే. ఎన్నోసార్లు దూరం నుంచి చూసిన పద్ధతి ఇప్పుడు నా చుట్టూ తిరుగుతోంది, ఎవరూ ఎక్కడా తప్పు చేయకుండా.

గేటు దగ్గర కూర్చున్నాక నా వల్ల కాలేదు. అక్క నంబర్‌కి ఫోన్ చేశాను. ఎవరూ ఎత్తరనుకున్నాను, ఎత్తకూడదని కూడా కోరుకున్నాను. అక్క కూతురు ఎత్తింది. ఇంటర్ చదువుతోంది, తల్లి గొంతే వచ్చింది దానికి. "చిన్నమ్మా" అంది. వెనక చాలామంది ఆడవాళ్ళ గొంతులు వినబడ్డాయి, అంతలో తలుపు మూసిన చప్పుడైంది. చిన్నమ్మ ఫోన్ చేస్తే ఏమనాలో ఆ పిల్లకి ఎవరో చెప్పే ఉంటారు. తల్లి పోయిన రోజున నాకోసం దాని చేత అబద్ధం ఆడిస్తున్నారు. నేను అడగకపోతే అది ఆ అబద్ధం ఆడక్కర్లేదు. కానీ నా నోరు ఆగలేదు.

"అమ్మ ఏది బిడ్డా?" అన్నాను.

"అమ్మ పండుకున్నది."

వణక్కుండా చెప్పాలని ఎంత ప్రయత్నించిందో నాకు వినబడింది.

"సరే తల్లీ" అన్నాను. "లేపకు."

"లేపను చిన్నమ్మా" అంది.