గుండీల గదిలో బక్కోడి చరిత్ర

గుండీలత్తకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆ కుట్టు కర్మాగారంలో తెలియనివాళ్ళు లేరు. సూది మొండికేస్తే సూదిని తిట్టేది. దారం చిక్కుపడితే ఆ దారం వడికినవాడి ఏడు తరాలనూ కలిపి తిట్టేది. మేస్త్రి గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకుంటే, అతను నోరు విప్పేలోపే నాలుగు అక్షింతలు పడేవి. అయినా ఆమెకు ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. ఆమె కుట్టిన గుండీ ఊడిందని ఒక్క కోటు కూడా ఎన్నడూ వెనక్కి రాలేదు మరి. పెళ్ళి కాకముందు ఆ మేడమెట్లెక్కిన మనిషి, తల ముగ్గుబుట్టయ్యేదాకా అదే కిటికీ పక్కన, అదే బల్ల దగ్గర కూర్చుంది. మధ్యలో పెళ్ళయింది, యుద్ధం వచ్చింది, కొడుకు పుట్టాడు, పోయాడు. యుద్ధం అయ్యాక కొన్నేళ్ళకు మొగుడూ పోయాడు. ఆమె గురించి ఎవరినడిగినా ఇంతకు మించి చెప్పలేకపోయేవారు. ఆమె చెప్పనిచ్చేది కూడా కాదు.

కింద హాల్లో మిషన్లు రోజంతా చెవులు చిల్లులు పడేలా మోగుతుంటాయి. పైన గుండీల గదిలో మాత్రం అంతా చేతిపనే. గుండీలు, కాజాలు, అస్తరు అంచులు. సూది గుడ్డలో దిగే చప్పుడు కూడా వినిపించేంత నెమ్మది. అందుకే ఆ గదిలో ఎప్పటినుంచో ఒక అలవాటుంది. ఒకరు పుస్తకం చదువుతారు, మిగతావాళ్ళు వింటూ కుడతారు. చదివే మనిషి వాటా కోట్లను మిగతావాళ్ళు పంచుకుని పూర్తిచేస్తారు, ఆమె కూలి ఆమెకు దక్కుతుంది. ఆ రోజుల్లో చదివే పని హైస్కూలు దాకా చదివిన ఒకావిడది. ఇద్దరు పిల్లల తల్లి, మెత్తని మనిషి, గొంతు మాత్రం ఖంగుమనేది. ఆమెను అందరూ పంతులమ్మ అనేవారు.

ఒకసారి వాళ్ళు ఏదో నవల చదువుకుంటుండగా, అందులో నాయిక బావిలో దూకిన రోజున గదిలో అందరూ ఏడ్చి, ఎడమవైపు కుట్టాల్సిన గుండీలన్నీ కుడివైపు కుట్టిపెట్టారు. యజమాని మండిపడి పైకి వచ్చాడు. ఇలాంటి చెత్త కాదు, మహానుభావుల జీవితాలు వినండి, క్రమశిక్షణ అలవడుతుంది అన్నాడు. మర్నాడు తన ఇంటి అద్దాల బీరువాలోంచి అయిదు లావుపాటి పుస్తకాలు పంపించాడు. యుద్ధకాలంలో దేశాన్ని నడిపిన ప్రధానమంత్రి జీవితచరిత్ర, అయిదు సంపుటాలు. పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉంటే పంతులమ్మ కత్తెర మొనతో విడదీయవలసి వచ్చింది. యజమాని ముందే చదివి ఉంటే ఆ పుస్తకాలు ఇచ్చేవాడా అని మీరడగవచ్చు. నిక్షేపంలా ఇచ్చేవాడు. మూడో సంపుటంలో ఒక వాక్యం ఉంది, అలాంటివాళ్ళ కళ్ళకు అది ఆనదు.

మొదటి సంపుటంలో ఆ మహానుభావుడు ఆరేళ్ళ కుర్రాడు. బక్కపలచని ఒళ్ళు, ఎప్పుడూ దగ్గు. తండ్రి జడ్జి. పిల్లవాణ్ణి తీసుకుపోయి దూరపు హాస్టల్లో పడేశాడు. అక్కడ వాడు రాత్రి పక్క తడిపితే, హాస్టలు చూసుకునే ఆవిడ ఆ తడి దుప్పటిని వాడి మెడకు చుట్టి, బడి అంతా చూసేలా వసారాలో నిలబెట్టింది.

"దాని చేతులు పడిపోను!" అంది గుండీలత్త. "పసివాడు కదే! వీడి అమ్మకు బుద్ధి లేదా, పొమ్మంటే పంపించడానికి?"

"అమ్మ ఒక్క ఉత్తరం కూడా రాయలేదట అత్తా" అంది పంతులమ్మ.

మర్నాడు గుండీలత్త వస్తూనే, "మన బక్కోడు ఎలా ఉన్నాడే?" అని అడిగింది. అంతే, ఆ పేరు స్థిరపడిపోయింది. బక్కోడికి పరీక్ష పోతే దిద్దినవాణ్ణి తిట్టారు. బక్కోడికి పెళ్ళయితే పెళ్ళికూతురు గయ్యాళిలా ఉందని పెదవి విరిచారు. మొదటి ఎన్నికల్లో ఓడిపోతే గది అంతా చావు జరిగిన ఇల్లయింది. రెండో సంపుటం సగానికి వచ్చేసరికి అతను గడ్డం కింద మూడు మడతలు పడ్డ లావుపాటి మంత్రి అయ్యాడు. ఫొటో చూసి అందరూ విరగబడి నవ్వారు. అయినా వాళ్ళకు అతను బక్కోడే. గుండీలత్తకైతే మరీను. పాతికేళ్ళుగా ఎవరినీ దగ్గరకు రానివ్వని మనిషి, పొద్దున్నే బల్ల దగ్గర కూర్చుని వాడి దగ్గు తగ్గిందా అని అడుగుతుంటే విన్నవాళ్ళకు నవ్వూ వచ్చేది, జాలీ వేసేది.

ఎందుకంటే ఆమె కొడుకు పోయిన సంగతి వరకు అందరికీ తెలుసు. యుద్ధం మూడో ఏట ఆ ఊళ్ళో తిండి లేక జనం రాలిపోయారు. ఊరు ఓడరేవు, గోధుమలు ఓడల మీదే రావాలి. రెండు ఓడలు రావలసి ఉండి రాలేదు. శత్రువులు ముంచేశారని రేషను దుకాణం తలుపు మీద కాగితం అంటించారు. ఏడాదిన్నర పిల్లవాడు ఆ కరువులోనే పోయాడు. మొగుడు యుద్ధం నుంచి వచ్చి, "వాడేడీ?" అని ఒక్కసారి అడిగాడు. "ఓడ మునిగిపోయింది" అని చెప్పింది. అతను మళ్ళీ అడగలేదు. ఆమె మాత్రం శత్రువు అన్న మాట వినబడితే చాలు నిప్పులు చెరిగేది. ఆ శత్రుదేశపు నావికులు వీధిలో ఎదురైతే మొహం మీదే ఉమ్మేసి రెండుసార్లు పోలీసుస్టేషనుకు కూడా వెళ్ళివచ్చింది.

మూడో సంపుటం మధ్యలో ఒకరోజు పంతులమ్మ ఎప్పటిలాగే చదువుకుపోతోంది. ఎంత ఒత్తిడిలోనూ నిబ్బరం కోల్పోకపోవడం ప్రధానమంత్రి గొప్పగుణమని ఆ రచయిత పొంగిపోతున్నాడు. "ఆ వారమే, ఓడరేవు పట్టణానికి చేరవలసిన రెండు గోధుమ ఓడలను సైన్యపు గిడ్డంగులకు మళ్ళించే ఉత్తర్వు మీద కూడా ఆయన సంతకం చేశారు. ఆ రాత్రి ఎప్పటిలాగే హాయిగా నిద్రపోయారు."

పంతులమ్మ గొంతు తర్వాతి వాక్యం మీదికి వెళ్ళి ఆగిపోయింది. గదిలో సూదులన్నీ ఆగిపోయాయి.

"మళ్ళీ చదువు" అంది గుండీలత్త.

చదివింది.

"మునగలేదా?"

పంతులమ్మ తల అడ్డంగా ఊపింది.

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఆ గదిలోవాళ్ళు అప్పుడు చూశారు. గుండీలత్త అరవలేదు, తిట్టలేదు. ఒళ్ళో ఉన్న కోటుకు అప్పుడే కుట్టిన గుండీని రెండు వేళ్ళతో పట్టుకుని పీకింది. ఆమె కుట్టిన గుండీ ఊరికే ఊడుతుందా? గుడ్డతో సహా చిరిగి వచ్చింది. ఎన్నేళ్ళు తిట్టింది ఎవరిని? ఆ దుప్పటి చుట్టుకుని నిలబడ్డ పిల్లవాడి కోసం మొన్నటిదాకా జాలిపడింది, వాడేనా? పక్క కుర్చీ ఆవిడ చెయ్యి పట్టుకోబోతే విదిలించి కొట్టింది.

"ఇక ఈ పుస్తకం వద్దు. రేపటినుంచి నవల చదువుకుందాం అత్తా" అంది పంతులమ్మ.

"నోరు ముయ్యి. చదువు. ఎక్కడో ఒకచోట చెబుతాడు."

"ఏం చెబుతాడు?"

"తప్పు చేశానని చెబుతాడు. దుప్పటి మెడకు చుట్టుకుని ఏడ్చినవాడికి ఆ మాత్రం తెలీదా? చెప్పి తీరాలి. నేను వినాలి."

అప్పటినుంచి ఆమెకు అదొక్కటే ధ్యాస. ఒళ్ళు కాలిపోతున్నా పనికి వచ్చేది, ఆ వాక్యం తను లేని రోజున వచ్చేస్తుందేమోనని. విసిగిపోయిన ఆడవాళ్ళు దెయ్యాల కథలు చదివించుకుందామంటే కయ్యానికి కాలు దువ్వేది. నాలుగో సంపుటంలో యుద్ధం గెలిచాడు. ఆ మళ్ళించిన గోధుమలు గిడ్డంగుల్లోనే ముక్కిపోయాయన్న సంగతి పేజీ అడుగున చిన్నక్షరాల్లో ఉంది. అది వినగానే గుండీలత్త వేలి తొడుగు తీసి గోడకేసి కొట్టింది. కానీ క్షమాపణ మాట రాలేదు. పతకాలొచ్చాయి. విందులొచ్చాయి. తన గుర్రం చచ్చిపోతే రెండు రోజులు అన్నం ముట్టలేదన్న అధ్యాయం ఒకటి వచ్చింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ అధ్యాయం విన్నప్పుడు ఆ గదిలోవాళ్ళు ఆడిన మాటలు ఇక్కడ అచ్చువేయడానికి వీల్లేదు.

అయిదో సంపుటాన్ని పంతులమ్మ ఇంటికి తీసుకువెళ్ళి ముందుగానే చివరిదాకా చదివేసింది. ఆ మాట ఎక్కడా లేదు. రెండు రోజులు ఆమెకు ముద్ద దిగలేదు. గుండీలత్త మొహంలోకి చూడలేక, చదివేటప్పుడు పుస్తకాన్ని మొహానికి అడ్డం పెట్టుకునేది. ముసలిప్రాణం, ఇన్నాళ్ళు కాచుకుంది, ఒక్క మాట కోసమే కదా అనుకుంది. మెత్తనివాళ్ళు చేసే తప్పు ఇలాగే మొదలవుతుంది.

చివరి రోజు వచ్చింది. మంచం పట్టిన ప్రధానమంత్రి పక్కన కూతురు కూర్చుని ఉంది. పంతులమ్మ ఊపిరి పీల్చుకుని, పేజీ మీద లేని మాటలు పేజీ మీద ఉన్నట్టే చదివింది. "ఆయన కూతురి చెయ్యి పట్టుకుని, ఆ రెండు ఓడల విషయంలో నేను ఘోరమైన తప్పు చేశానమ్మా, ఆ పట్టణపు తల్లులు నన్ను క్షమించాలి అన్నారు."

గదిలో ఒకావిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఇంకొకావిడ ముక్కు చీదింది. అందరూ గుండీలత్త వైపు చూశారు.

ఆమె సూది గుడ్డకు గుచ్చి, కోటు పక్కన పెట్టింది.

"వాడు ఆ మాట అనలేదు."

"ఇక్కడుంది అత్తా..."

"వాడు 'తల్లులు' అనడు. అయిదు పుస్తకాలు విన్నానే నేను, ఒక్కసారైనా అన్నాడా? సొంత అమ్మ పోతేనే 'కుటుంబానికి నష్టం' అన్నాడు. క్షమించమని ఎవరినైనా అడిగాడా? 'పరిస్థితిని అర్థం చేసుకోవాలి' అంటాడు, ప్రతిసారీ అదే కూత. నాకు అక్షరం రాకపోతే చెవులు కూడా లేవనుకున్నావా?"

పంతులమ్మ పుస్తకం కిందికి దించింది. "నీ మనసు కుదుటపడుతుందని..."

"నా మనసా?" ఇప్పుడు అరిచింది గుండీలత్త. ఆ అరుపుకు కింద హాల్లో మిషన్లు రెండు ఆగాయి. "వాడు నా బిడ్డ నోటి దగ్గర కూడు లాక్కున్నాడు. లాక్కుని నిద్రపోయాడు. నువ్వేమో వాడికి మంచివాడన్న పేరు ఊరికే చేతిలో పెడుతున్నావు! వాడు అడగనైనా లేదే! ఇదిగో, వీళ్ళు అప్పుడే వాడికోసం కళ్ళు తుడుచుకుంటున్నారు. చదువు. అక్కడేముందో అదే చదువు."

పంతులమ్మ ఏడుస్తూనే చదివింది. "నా జీవితంలో చింతించవలసిందేదీ లేదమ్మా, అని ఆయన కూతురితో అన్నారు. తర్వాత తోటలో గులాబీలు పూశాయా అని అడిగి, ప్రశాంతంగా కన్నుమూశారు."

"అదీ" అంది గుండీలత్త. "అదీ వాడి మాట."

మిగిలిన పేజీల్లో ఊరేగింపు, జనం, విగ్రహం. అన్నీ చదివించుకుంది. పుస్తకం మూసిన చప్పుడు వినబడిందో లేదో మేస్త్రి గుమ్మంలోకి వచ్చాడు.

"చదువైపోయిందటగా అత్తా? ఇక కాస్త పని చూస్తారా?"

"అవలేదు. కూర్చోరా నువ్వు కూడా."

మేస్త్రి అయోమయంగా చుట్టూ చూసి స్టూలు వైపు నడిచాడు. గుండీలత్త అప్పటికే మొదలుపెట్టేసింది. ఆ గదిలో ఇన్నేళ్ళలో ఎవరూ ఆమె నోట వినని సంగతి అది. గొంతులో కన్నీళ్ళు లేవు, కోపమే ఉంది.

"నా కొడుకు యుద్ధం రెండో ఏట పుట్టాడు. బక్కోడు కాదు, బొద్దుగా ఉండేవాడు. కుడి చెవి కాస్త మడత. ఇంట్లో చూసేవాళ్ళు లేక ఇక్కడికే తెచ్చుకునేదాన్ని. ఇదే బల్ల కింద పడుకునేవాడు. మొదటి మాట 'దా' అన్నాడు. నన్ను కాదు, ఆ కిటికీలో వాలిన పావురాన్ని. నడక వచ్చింది. తర్వాత తిండి లేక నా పాలు ఎండిపోయాయి. వాడు నడవడం మానేశాడు. కూర్చోవడం మానేశాడు. ఏడవడం మానేశాడు. సైనికుల కోట్లు సాయంత్రానికి అందాలని అప్పటి మేస్త్రి తరుముతున్నాడు. చివరి గుండీ కుట్టి, దారం కొరికి, కిందికి వంగి చూశాను. పోయాడు."

ఆగింది. మేస్త్రి ఇంకా స్టూలు మీద సరిగ్గా కూర్చోనేలేదు.

రోజూ కథ వినే అలవాటున్న గది అది. మూల కూర్చున్న ఒకావిడ నోట అలవాటుగానే వచ్చేసింది. "తర్వాత?"

"తర్వాతేమిటే?" అంది గుండీలత్త. "చెప్పుకోవడానికి ఇంకేమైనా ఉండనిచ్చాడా వాడు?"